పౌరసత్వమును శిక్షగా హరింపవచ్చునా?

రెండు దేశములలో పౌరసత్వము గలవాడొకడు ఉగ్రవాద నేరమునకు శిక్షితుడైనచో, చెరసాలతోబాటు వాని పౌరసత్వమును గూడ ఊడబెరుకవలెనా యను ప్రశ్న కొంతకాలముగా పాశ్చాత్యుల శాసనసభలను, న్యాయస్థానములను కలతపెట్టుచున్నది. మన దేశము ద్వంద్వ పౌరసత్వమును ఒప్పుకొనలేదు గనుక మన కీ తగవుతో పనిలేదని చెప్పువారు కలరు. వారి మాట సగము నిజము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో ఏ వాడకు పోయినను దుబాయికో మస్కటుకో సౌదీకో పోయిన కుమారుని మాట వినబడును. కొంచెము కలిగిన యిండ్లలో అమెరికాలో పుట్టిన మనుమని మాట వినబడును. ఆ కుమారునికి అచ్చట ఎన్నేండ్లు చెమటోడ్చినను పౌరసత్వము రాదు. ఈ మనుమనికి ఇచ్చట పౌరసత్వము లేదు. ఇట్టి ప్రాంతమున పౌరసత్వమన్నది పండితులు తర్కించుకొను విషయము కాదు; రేషను కార్డువలె ఇంటిలో భద్రముగా దాచుకొను వస్తువు. పైగా, పౌరసత్వ హరణమును గూర్చి మన దేశమున నడచిన వ్యాజ్యములలో నలుగురు నెరిగినదొకటి సిరిసిల్ల జిల్లాలోనే పుట్టినది.

వేములవాడ శాసనసభ్యుడుగా నుండిన చెన్నమనేని రమేష్ గారి వ్యాజ్యమది. ఆయన తండ్రి రాజేశ్వరరావుగారు సిరిసిల్లనుండి పలుమారు శాసనసభ కెన్నికైన నాయకుడు; చిరకాలము కమ్యూనిస్టు పక్షమున నుండినవాడు. కుమారుడు జర్మనీకి పోయి, చదువుకొని, అచ్చటనే స్థిరపడి, 1993లో ఆ దేశపు పౌరుడాయెను. 1955 నాటి మన పౌరసత్వ చట్టము 9వ సెక్షను ప్రకారము, తన యిచ్ఛచే పరదేశ పౌరసత్వమును స్వీకరించినవాని భారత పౌరసత్వము ఆ క్షణముననే తనంత తాను పోవును. దానిని మరియొకరు తీసివేయ నక్కరలేదు. 2008 మార్చి 31న ఆయన మరల భారత పౌరసత్వము కొరకు దరఖాస్తు పెట్టెను. 2009 ఫిబ్రవరి 3న అది లభించెను. ఆ యేటి యెన్నికలలోనే తెలుగుదేశము పక్షమున వేములవాడలో గెలిచెను. పిమ్మట తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరి 2010 ఉపఎన్నికలోను, 2014లోను, 2018లోను గెలిచెను.

ప్రత్యర్థియగు ఆది శ్రీనివాస్ గారు 2009లోనే కేంద్ర హోం శాఖకు ఫిర్యాదు చేసిరి. ఫిర్యాదు సారము మిక్కిలి చిన్నది. దరఖాస్తునకు ముందటి 12 నెలలు ఎడతెగక భారతదేశమున నివసించి యుండవలెనని చట్టము చెప్పుచున్నది. ఆ 12 నెలలలో ఆయన యిచ్చట నున్నది 96 దినములు. ఈ లెక్క తేల్చుటకు జ్యోతిష్కుడక్కరలేదు, పాస్‌పోర్టు మీది ముద్రలు చాలును. అయినను అది తేలుటకు 15 ఏండ్లు పట్టెను. 2013 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2010 నాటి యెన్నికను కొట్టివేసెను. సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపెను. 2017 ఆగస్టు 31న హోం శాఖ పౌరసత్వమును రద్దు చేసెను. 2019 జూలైలో హైకోర్టు ఆ యుత్తరువును త్రోసివైచి మరల విచారింపుమనెను. ఆ యేడు నవంబరు 20న హోం శాఖ మరల రద్దు చేసెను. హైకోర్టు మరల నిలిపెను. తుదకు 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషనును కొట్టివేసి, ఆయన జర్మను పౌరుడేయని తేల్చి, 30 లక్షల రూపాయల ఖర్చులను విధించెను. అందు 25 లక్షలు ఫిర్యాదుదారునికి, 5 లక్షలు న్యాయసేవల సంస్థకు. జర్మను పౌరసత్వము తనకిప్పుడు లేదని ఆ దేశపు రాయబార కార్యాలయమునుండి ఒక కాగితమునైనను ఆయన చూపలేకపోయెనని న్యాయస్థానము గమనించినది. అప్పటికి ఆయన శాసనసభ్యత్వము ముగిసి సంవత్సరము గడచినది. 2023 యెన్నికలలో ఆది శ్రీనివాస్ గారే ఆ స్థానమును గెలుచుకొనియుండిరి.

తీర్పు ఫలితమును నేను తప్పుపట్టను. పౌరుడు కానివాడు శాసనములు చేయు సభలో గూర్చుండుట ఎట్లును సమంజసము కాదు. తప్పుపట్టవలసినది ఈ యాలస్యమును. ఒక నియోజకవర్గపు ప్రజలు నాలుగుసార్లు ఓటు వేసిరి. తామెన్నుకొన్నవాడు తమ దేశస్థుడో కాడో వారికి చెప్పగల యధికారి యెవ్వడును సకాలమున చెప్పలేదు. భూమి పట్టా విషయమున తహసీలుదారు ఇంత జాగు చేసినచో ఊరివారు కచేరి ముందు బైఠాయించి యుందురు.

ఈ వ్యాజ్యమున ఉగ్రవాదపు ఊసే లేదు గదా, దీని నేల యెత్తితివని చదువరు లడుగవచ్చును. చట్టములోని 10వ సెక్షనును చూచినచో సంబంధము తెలియును. దరఖాస్తు పెట్టి పౌరసత్వమును పొందినవారినుండి దానిని తీసివేయుటకు ప్రభుత్వమునకు అచ్చట ఐదు కారణములు చెప్పబడినవి. మోసముచేతనో, ముఖ్య విషయమును దాచుటచేతనో పొందియుండుట ఒకటి. రాజ్యాంగముపట్ల అవిధేయత చూపుట వేరొకటి. యుద్ధకాలమున శత్రువుతో వర్తకము చేయుట, పౌరసత్వము పొందిన ఐదేండ్లలోపల ఏ దేశమందైనను రెండేండ్లకు తక్కువగాని కారాగార శిక్షను పొందుట, ఏడేండ్లు వరుసగా పరదేశమున నుండుట తక్కినవి. ఇందు మొదటి దానికిని, నేర శిక్షాదులగు తక్కిన వానికిని స్వభావములోనే భేదము గలదు. దొంగ దస్తావేజుతో పొందిన పట్టాను రద్దు చేయుట వేరు. హత్య చేసినవాని తాతలనాటి భూమిని జప్తు చేయుట వేరు. మొదటిది లేనిదానిని లేదని చెప్పుట. రెండవది ఉన్నదానిని లాగికొనుట. వేములవాడ వ్యాజ్యము మొదటి జాతిది. ఉగ్రవాదిని గూర్చిన వాదము రెండవ జాతిది. మన చట్టము రెంటిని ఒక సంచిలో వేసి మూతి కట్టినది. అందుచేతనే, మోసగాని పౌరసత్వమును తీసివేసినపుడు నేరస్థుని దేల తీసివేయరాదని సామాన్యులును, కొందరు వకీళ్లును గూడ అనుచున్నారు.

అదే సెక్షనులోని 3వ ఉపవిభాగము మెచ్చదగినది. కారణ మేదైనను నిరూపితమైనంత మాత్రమున చాలదు. అట్టివాడు పౌరుడుగా కొనసాగుట ప్రజాశ్రేయస్సునకు అనుకూలము కాదని ప్రభుత్వమునకు తోచవలెను. 2019లో హైకోర్టు హోం శాఖ ఉత్తరువును త్రోసివేయుటకు కారణము ఈ విచారము జరుగకపోవుటయే. కావున చట్టమును వ్రాసినవారును ఈ యధికారమును వాడుటకు వెనుకముందులు చూడవలెననియే తలచిరని తెలియుచున్నది. నోటీసు, విచారణ సంఘము అనునవి కూడ ఆ జాగ్రత్తలోనివే.

ఇక ఉగ్రవాది మాట. పౌరసత్వము ఒక యొడంబడిక యనియు, దేశముపై చేయి యెత్తినవాడు ఆ యొడంబడికను తానే త్రెంచుకొనెననియు ఈ పక్షమువారి ప్రధాన వాదము. వినుటకు ఇది బాగుగనే యున్నది. కాని ఈ దేశమున పుట్టినవాడు అదే నేరమును చేసినచో ఏమి చేయుదురు? 10వ సెక్షను వానిని ముట్టదు. కోరుట్లలో పుట్టిన యన్న యొకడు, చికాగోలో పుట్టి, తిరిగివచ్చి, నమోదు ద్వారా పౌరుడైన తమ్ముడొకడు, ఇరువురును కలసి యొకే పాతకమును చేసిరని యనుకొందము. ఒక న్యాయస్థానము ఇరువురికిని ఒకే శిక్ష వేయును. తరువాత ప్రభుత్వము తమ్ముని మాత్రము పిలిచి, నీవు మావాడవు కావు పొమ్మనును. అన్న ద్రోహము చిన్నదా? ఒడంబడిక త్రెగినచో ఇరువురికిని త్రెగవలెను గదా! త్రెగినది తమ్మునికి మాత్రమే యైనచో, ఆ శిక్ష వాడు చేసిన పనికి కాదు, వాడు పుట్టిన చోటికి. పుట్టిన చోటును బట్టి మనుష్యుని తూచుట మన సమాజమునకు క్రొత్త గాదు. దానిని మాన్పుటకు ఎందరో పాటుపడిరి. ఇప్పుడు దానిని శాసనమార్గమున మరల లోనికి పిలువనేల?

దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల వ్యాజ్యమును చూడుడు. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలము హైదరాబాదులో రెండు బాంబులు ప్రేలి 18 మంది ప్రాణములు కోల్పోయిరి. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము ఐదుగురికి మరణశిక్ష విధించెను. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దానిని స్థిరపరచెను. ఆ యైదుగురిలో ఒకడు పాకిస్తాను దేశీయుడు. తక్కినవారు ఈ దేశమున పుట్టినవారే. న్యాయస్థానము నేరమును తూచినది, సాక్ష్యమును తూచినది; ఎవని పాస్‌పోర్టు ఏ దేశపుదని శిక్షను హెచ్చింపలేదు, తగ్గింపలేదు. ఉరిశిక్షదాక పోగల శిక్షాస్మృతి చేతిలో నుండగా పౌరసత్వ హరణముచేత అదనముగా సిద్ధించునది యేమి? మరణశిక్ష యుండవలెనా యనునది వేరు చర్చ. దానిని ఇచ్చట కలపను.

కెనడావారి యనుభవము దీనికి సరిపోవును. 2014లో వారు చేసిన చట్టము ప్రకారము, ఉగ్రవాదము, రాజద్రోహము మున్నగు నేరములకు శిక్షితులైన ద్వంద్వ పౌరుల పౌరసత్వమును తీసివేయవచ్చును. 2015లో టొరంటో కుట్ర కేసులో యావజ్జీవ శిక్ష ననుభవించుచున్న జకారియా అమారా యనువాని పౌరసత్వమును తీసివేసిరి. వాడు జోర్డాను దేశమున పుట్టినవాడు. తీసివేసినపుడు ఎక్కడ నుండెను? కెనడా చెరసాలలో. తీసివేసిన తరువాత? అదే చెరసాలలో. ఆ సంవత్సరపు యెన్నికలలో ఇదియొక పెద్ద వివాదమాయెను, ప్రభుత్వము మారెను, 2017లో ఆ నిబంధనను ఎత్తివేసి అతని పౌరసత్వమును తిరిగి యిచ్చిరి. ఫ్రాన్సులో 2015 నవంబరు పారిసు దాడుల పిదప అధ్యక్షుడు హోలాండు ఇట్టి సవరణను తలపెట్టగా, న్యాయమంత్రి క్రిస్టియాన్ తోబిరా దాని నొప్పుకొనక పదవిని వదలుకొనెను. 2016 మార్చిలో అధ్యక్షుడే సవరణను విరమించుకొనెను. ఆస్ట్రేలియాలో 2023లో అచ్చటి హైకోర్టు, పౌరసత్వ హరణము శిక్షయే యనియు, శిక్ష వేయుట మంత్రి పని కాదు న్యాయస్థానము పని యనియు తేల్చెను. తరువాత వారి పార్లమెంటు ఆ యధికారమును న్యాయాధిపతుల కప్పగించుచు క్రొత్త చట్టము చేసినది. ఇది కొంత మేలు. కాని శిక్షయే యని యొప్పుకొన్నపుడు, ఒకే నేరమునకు కొందరికే యీ శిక్ష యేల యను ప్రశ్న అట్లే నిలిచియున్నది.

ఇంగ్లండు మాట వేరు. షమీమా బేగమను బాలిక లండనులో పుట్టి పెరిగి, 15 ఏండ్ల ప్రాయమున 2015లో సిరియాకు పోయెను. 2019లో ఆమె పౌరసత్వమును తీసివేసిరి. ఆమె తలిదండ్రులు బంగ్లాదేశమువారు గనుక ఆమెకు ఆ దేశపు పౌరసత్వము గలదని వాదించిరి. బంగ్లాదేశమువారు మాకేమి సంబంధమనిరి. ఆమెను ఏ న్యాయస్థానమును విచారించి శిక్షింపలేదు. 2024లో అప్పీలు కోర్టును ఆమె మొర నాలకింపలేదు. ఎన్నడును చూడని దేశమున ఆమెకు రెండవ యిల్లున్నదని కాగితముమీద తేల్చిరి. ద్వంద్వ పౌరునికి పోవుటకు మరియొక దేశమున్నది గదా యనువారు దీనిని చక్కగా చూడవలెను. ఆ రెండవ దేశము తలుపు తీయునా? తీసినను, మన పాతకిని వారి వాకిట దిగవిడుచుటకు మనకేమి హక్కు? వాడు నేర్చినది మనయొద్ద, చేసినది మనయొద్ద. కట్టుకొని పోయి పొరుగువాని పెరటిలో పారవేయుట యింటి శుభ్రత కాదు. రెండు దేశములవారును ఈ పనికే పూనుకొన్నచో, ముందుగా తీసివేసినవాడు గెలిచినట్లు, ఆలస్యము చేసినవానికి పాతకి మిగిలినట్లు.

ఇట్టి శిక్షను మన గ్రామములు చిరకాలముగా నెరుగును. దాని పేరు వెలి. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిగినపుడు దానికి తోడ్పడినవారిని వెలివేసిరి. వారి యింటికి పురోహితుడు రాకుండ, నీళ్లు మోయువాడు రాకుండ చేసిరి. నేటికిని జగిత్యాల, నిజామాబాదు జిల్లాల గ్రామములలో గ్రామాభివృద్ధి కమిటీలను పేర వెలసిన కూటములు కొన్ని, తమ మాట వినని కుటుంబములను కట్టడి చేయుచున్నవని పత్రికలలో చదువుచునే యున్నాము. దుకాణమున సరకు లమ్మరాదు, పలుకరింపరాదు, పలుకరించినవానికి జరిమానా. మహారాష్ట్రమువారు 2016లో సాంఘిక బహిష్కారమును నేరముగా నెంచుచు చట్టమే చేసిరి. వెలిలోని దోషమేమి? జరిమానాకు మొత్తమున్నది, చెరకు గడువున్నది. వెలికి రెండును లేవు. అది చేసిన తప్పును విడిచి మనిషిని పట్టుకొనును. ఇంటిలోని ముసలివారికి, పసివారికి గూడ తగులును. వెలివేయువారు తాము శిక్షించుచున్నామని చెప్పరు. వాడు మావాడు కాడని మాత్రమందురు. శిక్షయని చెప్పినచో విచారణ, సాక్ష్యము, అప్పీలు కావలసివచ్చును. మంత్రివర్యుల యుత్తరువుచే పౌరసత్వమును హరించుటకును ఈ వెలికిని నాకు పోలిక కనబడుచున్నది. కచేరి పెద్దది, కాగితము మంచిది, అంతియే భేదము.

మరియొక సంగతి. ఉగ్రవాది యెవడు? దిల్‌సుఖ్‌నగర్ వంటి కేసులో ఆ మాటకు సందేహములేదు. కాని ఆ మాటను ప్రయోగించు అధికారము ప్రభుత్వముల చేతిలో నున్నది, ప్రభుత్వములు మారును. 1978 సెప్టెంబరు 9న జగిత్యాలలో రైతుకూలీలు వేలకొలదిగా కూడి జైత్రయాత్ర సలిపిరి. మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించిరి. ఎవని మీద నైనను పోలీసుల చూపు పడుటకు ఆ తాలూకా పేరు చాలిన దినములవి. ఆ యుద్యమమునుండి వెడలినవారు కొందరు తరువాత ఆయుధములు పట్టి రక్తపాతమునకు కారకులైరి. నేను దానిని సమర్థింపను. కాని భూమినడిగిన కూలికిని, తుపాకి పట్టినవానికిని నడుమ గీత గీయుటకు ఆ నాటి యధికారులకు ఓపిక లేకపోయెను. ఇంకను వెనుకకు పోయినచో, సిరిసిల్ల ప్రాంతపు గాలిపెల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డిగారు తెలంగాణ సాయుధ పోరాట నాయకులలో నొకరు. ఆ పోరాటము 1951లో ముగిసినది. 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో కరీంనగరపు ప్రజలు ఆయననే లోకసభకు పంపిరి. మొన్నటివరకు తిరుగుబాటుదారు, నేడు పార్లమెంటు సభ్యుడు. అవిధేయతకు పౌరసత్వ హరణమే మందని ఆ నాడు ఎవరైనను తలచి, ఆ మందు నాయనకు పోసియున్నచో ఏమి జరిగియుండును? ప్రజాస్వామ్యము తిరుగుబాటుదారును లోనికి లాగికొనుటకు గల త్రోవ పౌరసత్వమే. దానిని మూసివేసినచో వానికి అడవి యొక్కటే మిగులును.

శిక్షితుడైనవాడు మనవాడుగా నుండుటలోని విలువను సిరిసిల్ల ప్రజలు మరియొక విధముగా చూచియున్నారు. 2005లో దుబాయిలో నేపాలు దేశీయుడగు ఒక కావలివాడు మృతినొందిన కేసులో ఈ ప్రాంతపు శ్రామికులు కొందరికి దీర్ఘకాల కారాగారశిక్ష పడినది. న్యాయస్థానపు భాష వారిది కాదు. 2011లో సిరిసిల్ల శాసనసభ్యుడు కె. తారక రామారావుగారు నేపాలునకు పోయి, మృతుని కుటుంబమునకు 15 లక్షల రూపాయలిచ్చి, క్షమాపత్రమును సంపాదించిరి. దానితో చెర విడిపోలేదు. మరి పండ్రెండేండ్లకు పైగా అర్జీలమీద అర్జీలు నడచినవి. ఐదుగురు సుమారు 18 ఏండ్ల చెర పిదప 2024 తొలినాళ్లకు ఇల్లు చేరిరి. వారి నేరమును, నిర్దోషిత్వమును నేను తీర్పు చెప్పబోవుటలేదు. ఇది ఉగ్రవాదమును కాదు. నేను చెప్పునది యొక్కటే: ఆ 18 ఏండ్లును వారి తరఫున అర్జీ పెట్టుటకు రాయబార కార్యాలయమునకు అధికారమున్నది, విమానమెక్కుటకు వారికి కాగితమున్నది; ఏలయన, శిక్ష పడినను వారు భారత పౌరులే. వారు పుట్టుకచే పౌరులు గనుక సరిపోయినది. నమోదుచే పౌరుడైనవాడు ఐదేండ్లలోపల అట్టి చిక్కులోనే పడి దుబాయిలో రెండేండ్ల శిక్ష పొందినచో, 10వ సెక్షను వానిమీద తెరచుకొనును. ఉగ్రవాదమో, హత్యయో కావలెనని ఆ నిబంధన చెప్పలేదు. ఏ దేశమందైనను, ఏ నేరమునకైనను రెండేండ్లు చాలును! ఉగ్రవాదిని చూపి చట్టమును సమర్థించువారు ఆ వలలోని కన్నులెంత చిన్నవో చూచుట లేదు.

మోసముచే పొందిన పౌరసత్వమును రద్దు చేయుట న్యాయమని పైన నొప్పుకొంటిని. అందును గూడ జాగ్రత్త యవసరము. ఇందుకు మనవారి చరిత్రయే సాక్ష్యము. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండు వ్యాజ్యములో, భారతీయులు ఆ దేశపు చట్టము చెప్పిన శ్వేతజాతీయులు కారనియు, పౌరసత్వమునకు అర్హులు కారనియు తీర్పు చెప్పెను. వెంటనే ప్రభుత్వము అంతకు పూర్వమే న్యాయస్థానముల యెదుట ప్రమాణము చేసి పౌరులైన పలువురు భారతీయులమీద వ్యాజ్యములు తెచ్చెను. వారి పౌరసత్వము చట్టవిరుద్ధముగా పొందబడినదని వాదించెను. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారము చేసికొనుచుండిన వైష్ణోదాసు బాగాయి వారిలో నొకడు. బ్రిటిషు ప్రజగా నుండుటకు ఇష్టములేక ఆయన ఆ దేశమునకు పోయి పౌరుడాయెను. పౌరసత్వము పోయినతోడనే స్వదేశము చూడబోవలెనన్నను బ్రిటిషు పాస్‌పోర్టు తీసికొనవలసిన గతి పట్టెను. 1928లో ఆయన ఆత్మహత్య చేసికొనెను. ఆయన దాచిన విషయ మేదియు లేదు. మారినది రాజ్యము మనస్సు. అందుచేత ఈ యధికారమునకు రెండు కట్టుబాట్లుండవలెను. రద్దుకు కారణము దరఖాస్తుదారు స్వయముగా చేసిన యసత్యమో, దాపరికమో కావలెను, ప్రభుత్వపు పొరపాటో మనస్సు మార్పో కారాదు. దానిని తేల్చువారు స్వతంత్ర న్యాయాధికారులు కావలెను, గడువులోపల తేల్పవలెను. వేములవాడ వ్యాజ్యము మొదటి పరీక్షలో నిలిచినది. రెండవదానిలో చట్టమే తప్పినది.

తుదకు ఓ.సి.ఐ. కార్డు మాట చెప్పక తీరదు. దీనిని మనవారు ద్వంద్వ పౌరసత్వమని పిలుచుచుండుట కేవలము భ్రమ. ఆ కార్డు గలవానికి ఓటు లేదు, ఎన్నికలలో నిలుచు హక్కు లేదు, ప్రభుత్వోద్యోగములో సమానావకాశపు హక్కు లేదు. జీవితాంతము వచ్చిపోవుట కనుమతియు, మరికొన్ని సౌకర్యములును మాత్రమే గలవు. పౌరసత్వము కాదు గనుక దానిని తీసివేయుటకు జాగ్రత్త లక్కరలేదని ప్రభుత్వమువారు తలచినట్లున్నది. 2025 ఆగస్టులో హోం శాఖ యొక ప్రకటన వెలువరించినది. రెండేండ్లకు తక్కువగాని శిక్ష పడినవాని కార్డును రద్దు చేయవచ్చును. అంతియే కాక, ఏడేండ్లుగాని అంతకెక్కువగాని శిక్షకు తగిన నేరమున అభియోగపత్రము దాఖలైనను రద్దు చేయవచ్చును. శిక్ష పడినవాని మాట యటుండనిండు. అభియోగపత్రమన్నది పోలీసుల యభిప్రాయము. న్యాయస్థానపు తీర్పు కాదు.

ఉగ్రవాదికై వేసిన యీ వలలో మన ప్రాంతమున ఎవడు పడునో ఊహించుట కష్టము కాదు. క్రొత్త న్యాయసంహితలో 318వ సెక్షను క్రింద, మోసగించి యాస్తిని రాబట్టిన నేరమునకు ఏడేండ్లవరకు శిక్ష గలదు. పాత స్మృతిలో 420గా ఊరూర తెలిసినది ఇదియే. మన పల్లెలలో అన్నదమ్ముల భూమి తగవులు ఎన్నింటిలో ఈ సెక్షను చేరుచున్నదో కచేరి మెట్లెక్కినవారెల్ల నెరుగుదురు. జగిత్యాలలో నున్న యన్నకును డల్లాసులో నున్న తమ్మునికిని మూడెకరముల పొలముమీద తగవు వచ్చినదనుకొనుడు. అన్న ఫిర్యాదు చేయును. పోలీసులు అభియోగపత్రము వేయుదురు. విచారణ మొదలగుటకే యేండ్లు పట్టును. ఈలోగా తమ్ముని కార్డు రద్దునకు లోనగును. రద్దునకు ముందు చెప్పుకొను నవకాశమీయవలెనని చట్టమున నున్నమాట నిజమే. కాని కేసు తేలలేదనుట తప్ప అతడు చెప్పుకొనవలసిన దేమున్నది? తండ్రి మంచమున పడినాడని కబురు వచ్చిననాడు, వీసా కొరకు ఏ దేశపు పరదేశియైనను నిలుచు వరుసలోనే అతడును నిలువవలెను. అన్న మాత్రము, అభియోగపత్రము తనమీదనే పడియున్నను, ఇంటి గడపలో నుండును.